ముడి దాకా అల్లిన చెయ్యి

ఊనా పోయిన రోజున మా దీవిలో ఊనా గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. అందరి నోటా డీలియా పేరే. వస్తుందా, రాదా? గోడ దాటుతుందా, దాటదా? పాట్చీన్ ముసలాయన అయితే రాదని తన పొగాకు తిత్తి పందెం కాశాడు.

మా దగ్గర ఆడమనిషి కన్నుమూస్తే, ఆమె సూదుల మీద సగంలో ఆగిన అల్లికను శవపేటిక మూత వేసేలోగా పూర్తిచేసి సూది దింపాలి. సూది మీద పని ఉండగా మట్టిలోకి పోయిన మనిషికి నిద్ర పట్టదని మావాళ్ల నమ్మకం. ఆ పని అక్కచెల్లెళ్లు చేయకూడదు, కూతుళ్లూ చేయకూడదు. గోడ అవతలి ఇంటావిడే చేయాలి. జన్మంతా కోళ్ల కోసం, నీళ్ల కోసం తగువులాడుకున్న ఇరుగుపొరుగు చివరికైనా ఒకరి పని ఒకరు చేసిపెట్టుకోవాలని ఏ బుద్ధిమంతుడో పెట్టి ఉంటాడు. ఆ బుద్ధిమంతుడికి డీలియా సంగతి తెలియదు.

ఊనా ఇంటి గోడకు అవతల ఇల్లు డీలియాది. ఆ ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

డీలియా పుట్టింది పడమటి ఊళ్లో, సముద్రపు గాలి ముందుగా వచ్చి కొట్టే ఇంట్లో. అక్కడివాళ్లకు గొంతు పెద్దది, ఓపిక చిన్నది. బాతు ఈకల కాడలతో అల్లిక నేర్చుకుంది. మంచి సూదులు పిల్లల చేతికిచ్చి పాడుచేసుకునేంత కలిగిన ఇల్లు కాదు అది. ఆమె అల్లిక బిగుతు. ఆమె స్వెట్టర్ లోపలికి వాన కూడా తలుపు తట్టి, అడిగి రావాల్సిందేనని పాట్చీన్ అనేవాడు. దీవంతా జడ అల్లికను కుడికి తిప్పితే ఆమె ఎడమకు తిప్పేది. ఎందుకే అంటే, "నా చేతులు, నా ఇష్టం" అనేది. గాల్వే పట్టణం నుంచి సరుకు కొనడానికి వచ్చే షావుకారు ఆమె అల్లినదాన్ని కళ్లు మూసుకుని చేత్తో తడిమి చెప్పగలిగేవాడు.

మార్కస్‌ను పెళ్లాడి మధ్య ఊరికి వచ్చింది. మార్కస్ నెమ్మదస్తుడు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు నెమ్మదిగా ఉండాలి కదా. ఊపిరితిత్తుల జబ్బుతో అతను పోయేనాటికి కొడుకు కోల్మన్‌కు ఇంకా మాటలు సరిగా రాలేదు. ఆ పిల్లవాణ్ని డీలియా రెక్కల కష్టం మీద, సూదుల మీద పెంచింది. గోడ అవతల ఊనా, ఆమె మొగుడు ఫెస్టీ ఉండేవారు. వాళ్లకు పిల్లలు లేరు. కోల్మన్ జ్ఞానస్నానమప్పుడు వాణ్ని ఎత్తుకున్న జ్ఞానతల్లి ఊనానే. పిల్లవాడు ఏ పూట ఏ ఇంట్లో తిన్నాడో ఎవరూ పట్టించుకోలేదు. రొట్టె ఏ ఇంట్లో కాలితే ఆ ఇంట్లో ఉండేవాడు.

మా స్వెట్టర్లకు చేతులు భుజం నుంచి కిందికి అల్లుతాం. ఒళ్లు ముందే వదులుగా పెట్టి, పిల్లవాడు ఎదిగినకొద్దీ చేతులను మణికట్టు దగ్గర విప్పి ఇంకొన్ని వరసలు కలుపుతాం. ఆ పని తల్లిదే. కానీ కుర్రాడు పెద్దవాళ్ల పడవలో తెడ్డు పట్టే ఏడు మాత్రం అది జ్ఞానతల్లిది. ఆమె ఉన్నిదారంతో వాడి చెయ్యి కొలిచి, మణికట్టు ఎముక వచ్చినచోట ముడి వేసి, ఆ ముడి దాకా అల్లుతుంది. ఆ తరువాత ఇక విప్పేది లేదు, పొడిగించేది లేదు. వాడు మగాడైపోయినట్టే.

డీలియా ఆ కొలత పడనివ్వలేదు. ఉన్న ఒక్కణ్నీ సముద్రానికి ఇవ్వనని ఒంటికాలి మీద లేచింది. తోటివాళ్లందరూ పడవలెక్కుతుంటే కోల్మన్ తల్లితో పాటు ఒడ్డున నాచు ఏరేవాడు. ఊళ్లో కుర్రాళ్లు వాణ్ని చూసి కోడిపెట్ట అరుపులు అరిచేవాళ్లు. వాడికి కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. కోపమే వచ్చి ఉంటే బాగుండేది.

ఒక అక్టోబరు తెల్లవారుజామున డీలియా దీవి అవతలి కొసకు నాచు కోసం వెళ్లింది. ఫెస్టీ పడవకు ఆ పూట తోడు మనిషి రాలేదు. కోల్మన్ గోడ దూకి వెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. మా కురాక్ పడవలు చట్రానికి బిగించిన తారుగుడ్డలు. గాలి తిరగబడితే వాటికి దిక్కు లేదు. కొన్ని రోజులకు సముద్రం ఫెస్టీని ఒడ్డుకు తెచ్చి పడేసింది. కోల్మన్‌ను తేలేదు. ఇవాళ్టికీ తేలేదు.

ఫెస్టీని పూడ్చిన రోజు గుంత అంచున నిలబడి, అందరి ముందూ డీలియా ఒకే ఒక్క మాట అడిగింది. "నీ మనిషి నీకు దొరికాడు, మట్టి కప్పుతున్నావు. నా వాడేడే?" ఆ తరువాత ఊనా మాట్లాడదామనుకున్నప్పుడు డీలియా వినలేదు.

ఒకే బావి, ఒకే చర్చి, ఒకే దారి ఉన్న దీవిలో ఇరవై ఏళ్లు ముఖం చాటేయడం మాటలు కాదు. డీలియా అది సాధించింది. ఊనా నీళ్లకు వచ్చే వేళ కనిపెట్టి తను ఇంకో వేళ పెట్టుకుంది. ఊనా కోడి గోడ ఎక్కితే, "మీ ఇంటికే పో, అక్కడైతే అడిగేవాళ్లు లేరు" అని కోడికి చెప్పేది, అవతల వినిపించేలా. ఒక చలికాలం తను జ్వరంతో మంచం పట్టినప్పుడు గోడ మీద రోజూ పాల చెంబు కనిపించింది. ఆ పాలు డీలియా కోళ్లకు పోసింది. చెంబు మాత్రం శుభ్రంగా కడిగి గోడ మీదే పెట్టేది. ఇంకొకరి చెంబు మురికిగా తిరిగివ్వడం ఆమె పెంపకంలో లేదు.

ఇన్నేళ్లూ ఆమెను నిలబెట్టిన ఊరట ఒక్కటే. వాడు పోయిన రోజు ఇల్లంతా వెతికితే వాడి స్వెట్టర్ కనిపించలేదు. అంటే తొడుక్కునే వెళ్లాడు. తన చేతి ఉన్ని వాడి ఒంటిని పట్టుకుని ఉంది. ఎంత చల్లటి నీళ్ల అడుగునున్నా అదొకటి వాడి మీద ఉంది. రోజూ పడుకునే ముందు ఆ మాట అనుకునేది. అది కూడా లేకపోతే పిచ్చెక్కి ఉండేది.

అలాంటి మనిషి గుమ్మం ముందుకు, ఊనా పోయిన రోజు పొద్దున్నే, ఊనా చెల్లెలు బార్బరా వానలో తడుస్తూ వచ్చి నిలబడింది.

"తలుపు తియ్యవే డీలియా. బార్బరాని."

"తెలుసు. ఏనుగు నడిచొచ్చినట్టు దీవిలో ఇంకెవరు నడుస్తారు? ఎందుకొచ్చావో కూడా తెలుసు. నా వల్ల కాదు."

"నేనింకా ఏమీ అడగలేదే."

"అడక్కు మరి. ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది."

"దాని సూది మీద పనుంది. సముద్రం తగ్గితే రేపు ఫాదర్ వచ్చేస్తారు."

"గోడకు నేనొక్కదాన్నేనా ఉన్నది? అవతలి వైపు ఎవరూ లేరా?"

"అవతలి వైపు సముద్రమే ఉంది. దానికి అల్లిక రాదు."

"పోయి దాన్నే అడుగు. వాళ్లిద్దరికీ బాగా స్నేహం."

అక్కకిచ్చిన మాటను బార్బరా ఇరవై ఏళ్లుగా దాటలేదు. చివరికి, "నీ ఇష్టం, సూదితోనే పాతేస్తాం. కానీ ఆ సూది మీద ఉన్నది నీ అల్లిక, డీలియా" అంది.

తలుపు తెరుచుకుంది.

"నా అల్లికా? దాని ఇంట్లోకి నాది ఎలా వచ్చింది?"

"వచ్చి చూడు."

అలా దాటింది డీలియా ఆ గోడ. జాలి కలిగి కాదు, మనసు కరిగి కాదు. దొంగను సాక్ష్యంతో పట్టుకుందామని, చెప్పులు కూడా తొడుక్కోకుండా, బార్బరా కన్నా ముందే వెళ్లింది.

ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఊనా ఇంట్లో జపమాల చదివే గొంతులు ఆగిపోయాయి. గడియారం ఆపేసి ఉంది, అద్దానికి గుడ్డ కప్పి ఉంది. పొయ్యిలో కాలే పీట్ మట్టిగడ్డల పొగలో మగవాళ్లు గోడ వారగా కూర్చుని టీ తాగుతున్నారు. పాట్చీన్ మారుమాట లేకుండా తన పొగాకు తిత్తిని పక్కవాడి ఒళ్లో పెట్టాడు.

ఊనా కిటికీ పక్కన గోధుమరంగు అంగీలో పడుకుని ఉంది. చిన్నదైపోయింది. ఇన్నేళ్లూ గోడ మీదుగా ఆమె తలగుడ్డ అంచునే చూసిన డీలియాకు ఆ ముఖం పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. తిడదామని తెచ్చుకున్న మాటలు తిన్నగా రాలేదు. "ఏదీ?" అని మాత్రం అంది.

బార్బరా పెట్టె తెరిచి పిండిసంచిలో చుట్టిన మూట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

విప్పగానే డీలియాకు తెలిసిపోయింది. ఎడమకు తిరిగిన జడలు. మెడ దగ్గర తను వేసిన దిట్టమైన వరస. కోల్మన్ స్వెట్టర్. ఒక చెయ్యి ఎప్పటిలాగే పొట్టిగా ఉంది. రెండో చెయ్యి మణికట్టు దగ్గర విప్పి, నాలుగు సూదుల మీద, కొన్ని వరసలు కలిపి ఆగిపోయి ఉంది. సూదులు తుప్పుపట్టి ఉన్నికి గోధుమరంగు మరకలు అంటించాయి. భుజం దగ్గర ఒక ఉన్నిదారం కుట్టి ఉంది. దాని కొసన ముడి.

"వాడు ఇది తొడుక్కోలేదా?" అంది డీలియా. ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. "నీళ్లలోకి వాడు ఇది లేకుండా వెళ్లాడా?"

డీలియా స్వెట్టర్‌ను గుండెకు అదుముకుని బయటికి వచ్చేసింది. వానలో గోడ దగ్గర నిలబడి, గోడను కాళ్లతో తన్నింది. కాలి వేళ్లు చిట్లి రక్తం వచ్చినా ఆపలేదు. బార్బరా వచ్చి రెక్క పట్టుకుంది.

"దొంగముండ! నా కొడుకునూ తీసుకుంది, వాడి స్వెట్టర్నీ దాచుకుంది. నాకు చెప్పకుండా చెయ్యి కొలిచింది. ఎవరిచ్చారే దానికి ఆ హక్కు?"

"ఎవరూ ఇవ్వలేదు. తప్పు చేసింది. తప్పేనని దానికీ తెలుసు" అంది బార్బరా. "ఆ రోజు పొద్దున్నే వాడే వచ్చి అడిగాడు, నా చెయ్యి కొలువు పిన్నీ, అమ్మకు నువ్వే చెప్పు, నువ్వు చెప్తే వింటుంది అని. సాయంత్రం చెప్తాలే అంది. వాడు ఫెస్టీ పాత కోటు తొడుక్కుని వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, సాయంత్రానికి చేతులు అయిపోతాయా అని అడిగాడట. అవుతాయిలే అందట. నాకు చెప్పిన ప్రతిసారీ ఆ మాట దగ్గరే ఏడ్చేది."

"తెచ్చి ఇవ్వలేకపోయిందా? గోడ అవతలే ఉన్నాను కదే!"

"తెచ్చింది. ఫెస్టీని పూడ్చిన వారానికి, శాలువా కింద పెట్టుకుని బావి దాకా వచ్చింది. నేనూ ఉన్నాను పక్కన. నువ్వు అక్కడ ఆడవాళ్లతో అంటున్నావు, నా చేతి ఉన్ని వాడి ఒంటిమీద ఉంది, నాకు మిగిలింది అదొక్కటే అని. ఊనా అక్కడికక్కడే వెనక్కి తిరిగింది. నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. దాన్ని విప్పడానికి అది తన అల్లిక కాదు. పూర్తిచేస్తే ఎవరిదో వాళ్లకివ్వాలి. అందుకని సూది మీదే ఉంచేసింది."

"ఇరవై ఏళ్లు నేను నమ్ముకున్నది అదొక్కటే బార్బరా."

"అందుకే ఇవ్వలేదు."

డీలియాకు ఊనా మీద కోపం పోయిందా అంటే పోలేదు. సాయంత్రం చెప్తానన్న ఆ మాట ఇప్పుడు కొత్తగా గుచ్చుకుంది. కానీ ఇరవై ఏళ్లు తను తిట్టిన తిట్లన్నీ ఒక్క మాటతో ఆపించగలిగీ ఊనా ఆపించుకోలేదు. తన ఊరటను కాపాడటానికి తనచేతే తిట్లు తింది. డీలియాకు అది భరించలేనంత బరువుగా అనిపించింది. క్షమించానన్న మాట ఆమె నోట జీవితంలో ఎప్పుడూ రాలేదు, అప్పుడూ రాలేదు. "ఉన్ని తడిసిపోతోంది" అని మాత్రం అని, లోపలికి నడిచింది.

కిటికీ దగ్గర, ఊనా తలవైపు స్టూలు వేసుకుని కూర్చుంది. తుప్పు సూదుల్లోంచి కుట్లు ఒక్కొక్కటిగా బార్బరా ఇచ్చిన సూదుల మీదికి మార్చుకుంది. ఊనా అల్లిక వదులు. పక్కనే తన బిగుతు వరస మొదలుపెడితే చెయ్యి అక్కడ నడుముకట్టినట్టు నొక్కుకుపోతుంది. నాలుగు వరసలు అల్లి చూసి, విప్పేసి, చేతులు సడలించి ఊనా అల్లినట్టే వదులుగా అల్లడం మొదలుపెట్టింది. అది చూసిన ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డీలియా అల్లిక వదులు చేసిందంటే లోకం తలకిందులైనట్టే.

కొంత అల్లాక, ముడి ఎంత దూరంలో ఉందో చూద్దామని స్వెట్టర్‌ను తన భుజానికి ఆనించి, దారాన్ని తన చెయ్యి వెంట పరిచింది. తన మణికట్టు దగ్గర ముడి ఆగుతుందనుకుంది. ఆగలేదు. మణికట్టు దాటి, అరచెయ్యి మీదుగా, వేళ్ల మొదళ్ల దాకా వెళ్లింది.

మళ్లీ కొలిచింది. అంతే వచ్చింది.

ఈ ఇరవై ఏళ్లలో ఆమె మనసులో కోల్మన్ ఏటేటా చిన్నవాడైపోయాడు. కలలోకి వస్తే మోకాళ్ల ఎత్తున వచ్చేవాడు. తనకన్నా పొడుగయ్యాడని, తన చెయ్యి అందనిచోటికి వాడి చెయ్యి అందేదని మరిచిపోయింది. వాడి శవం లేదు, సమాధి లేదు, ఒక ఫొటో కూడా లేదు. వాడి ఒంటి కొలతంటూ ఈ లోకంలో మిగిలింది ఈ దారమే. అది దాచిపెట్టింది ఊనా. డీలియా స్వెట్టర్‌లో ముఖం దాచుకుని, గదిలో అంతమంది ఉన్నారని కూడా చూడకుండా, పైకి ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడ్వలేదు. అప్పుడు కోపమే సరిపోయింది. ఆడవాళ్లు జపమాల మళ్లీ అందుకున్నారు, ఆమెకు చాటుగా ఉంటుందని.

సాయంత్రానికి ఆ చెయ్యి ముడిని అందుకుంది. మణికట్టు పట్టీ వేసి, ముగించి, సూది దింపింది. "పూర్తయింది" అని బార్బరా సిలువ గుర్తు వేసుకుంది. ఆచారం అడిగింది అంతవరకే. టీ ఇస్తే డీలియా తాగలేదు. కత్తెర అడిగి తీసుకుని, పొట్టిగా ఉన్న రెండో చేతి పట్టీని కత్తిరించి విప్పడం మొదలుపెట్టింది.

"అది సూది మీద లేదే" అంది బార్బరా మెల్లగా.

"ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ ఉంటే వాడెలా తొడుక్కుంటాడే?"

మూటలోని ఊనా ఉన్ని ఉండ అయిపోయింది. డీలియా గోడ దాటి తన ఇంటికి వెళ్లి తన ఉన్ని తెచ్చుకుంది. ఇరవై ఏళ్లు ఒక్కసారి కూడా దాటని గోడను ఆ రోజు అన్నిసార్లు దాటింది.

మర్నాడు సముద్రం కాస్త తగ్గింది. ఫాదర్ టార్పీ తడిసి ముద్దయి, పడవ దిగి వచ్చారు. మగవాళ్లు పేటిక మూత ఎత్తి పట్టుకున్నారు. ఫెస్టీ సమాధిని తిరిగి తవ్వి ఉంచారు. అప్పుడు బార్బరా గొంతు తగ్గించి అడిగింది, పూర్తయిన పని ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి కదా, ఇప్పుడెలా అని. డీలియా స్వెట్టర్ మడత పెట్టి పేటిక దగ్గరికి వెళ్లింది. భుజం దగ్గరి దారాన్ని పళ్లతో కొరికి తీసి తన వేలికి చుట్టుకుంది. అది మాత్రం ఇవ్వదలుచుకోలేదు.

"ఇదేమిటమ్మా, పేటికలో స్వెట్టరేమిటి?" అన్నారు ఫాదర్.

"మీరు మీ ప్రార్థన చూసుకోండి ఫాదర్, అల్లిక సంగతి ఆడవాళ్లు చూసుకుంటారు" అన్నాడు పాట్చీన్, టోపీ తీసి చేత్తో పట్టుకుని.

డీలియా స్వెట్టర్‌ను ఊనా చేతుల కింద పెట్టింది. చేతులు రెండూ సరిగ్గా చాపి, ముడతలు పోయేలా నిమిరింది. ఆ తరువాత వంగి, ఇరవై ఏళ్ల తరువాత ఊనాతో మొదటిసారి మాట్లాడింది.

"సాయంత్రానికి అయిపోతాయన్నావటగా. అయిపోయాయి. తీసుకెళ్లి వాడికి తొడుగు. చేతులు సరిపోతాయి."

పక్కకు జరిగి నిలబడింది. మూత వేశారు.